బగ్గీ చక్రాలు ఎందుకు వాలాయి?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న మీరు వచ్చినప్పుడు బల్ల మీదున్న బొమ్మ బగ్గీని చూసి, "తాతయ్యా, చక్రాలు పైన బయటికి వాలిపోయాయి, గమ్ సరిగ్గా ఆరలేదా?" అని చిన్నది అడిగింది. అప్పుడే చెబుదామనుకున్నాను, ఈలోగా మీ అమ్మ తొందరపెట్టి మిమ్మల్ని తీసుకెళ్లిపోయింది.

గమ్ బాగానే ఆరిందమ్మా. ఆ వాలు నేను కావాలని పెట్టిందే.

ఒక గొడుగు తెచ్చి తెరవండి. నడిమి నుంచి నలువైపులా చువ్వలుంటాయి, అంచుకు వెళ్లేకొద్దీ వాలుతుంటాయి. బండి చక్రమూ అంతే. నడుమ ఒక మొద్దు, అందులో దిగగొట్టిన ఆకులు, వాటి కొసల్లో పూటీలు, అంటే కలిసి చక్రం అంచయ్యే వంపు కర్రముక్కలు. ఆకంటే చెట్టు ఆకు కాదు, చక్రంలో నిలబడే కర్ర. రెండేసి ఆకులకు ఒక పూటీ చొప్పున 14 ఆకుల చక్రానికి 7 పూటీలు. ఇప్పుడు గొడుగు గుంట బయటికి కనబడేలా ఇరుసుకు తొడిగారనుకోండి, అదే చక్రం.

ఎందుకింత తంటా? గుర్రం నడుస్తుంటే బండి అడుగడుక్కీ అటూ ఇటూ ఊగుతుంది. బరువు ఒకసారి కుడి చక్రాన్ని, ఒకసారి ఎడమ చక్రాన్ని బయటికి నెడుతుంది. చక్రం చదునుగా ఉంటే ఆకులు మొద్దులో దిగిన చోట వదులైపోతాయి. గొడుగులా ఉంటే ఆ నెట్టుడుకి ఆకులు పూటీలను తంతాయి, పూటీలు చుట్టూ ఉన్న ఇనుప పట్టాను తంతాయి. పట్టా మాత్రం కదలదు. "గాలివానలో గొడుగు తిరగబడుతుంది కదా" అంటాడు పెద్దోడు, నాకు తెలుసు. గొడుగు చుట్టూ ఉన్నది గుడ్డ. ఇనుప పట్టా వేస్తే తిరగబడదు. అప్పుడు మూయడానికీ రాదనుకోండి. సరే, గొడుగును ఇక్కడ వదిలేద్దాం, మరీ లాగితే చిరుగుతుంది.

ఇంకో కిటుకుంది. ఇరుసు కొసను కాస్త కిందికి వంచుతారు. దాంతో నేలను తాకే ఆకు నిట్టనిలువుగా నిలబడి బరువు మోస్తుంది. పైనున్న ఆకు రెట్టింపు వాలుతుంది. చిన్నదానికి కనబడింది ఆ వాలే.

పట్టా అంటే గుర్తొచ్చింది. మీ వయసులో నేను చక్రాలకు పట్టా వేసేచోట గంటలు గంటలు నిలబడేవాణ్ణి. పట్టాను చక్రం కన్నా రవ్వంత చిన్నగా చేసి నిప్పుల్లో కాలుస్తారు, అది సాగుతుంది. పటకార్లతో ఎత్తి చక్రం మీద దించగానే కర్ర గుప్పున పొగలు కక్కుతుంది. వెంటనే నీళ్లు పోస్తారు. ఇనుము బిగుసుకుంటుంటే పూటీల సందులు టకటకమంటూ మూసుకుపోయేవి. ఒకరోజు ఎరుపు పోయింది కదా చల్లారిందనుకుని వేలు పెట్టాను. రంగు చూసి దేన్నీ నమ్మకూడదని అప్పుడు తెలిసింది. మీరు వేళ్లు కాల్చుకోకుండానే నేర్చుకోండి.

మన బగ్గీ అసలుదానిలో 12వ వంతు, అంటే అడుగుకు అంగుళం. 4 అడుగుల చక్రం 4 అంగుళాలైంది. అసలు చక్రంలో 2 అంగుళాల గుంట ఉంటే ఇందులో 4 మిల్లీమీటర్లు. అందుకే చక్రాన్ని బల్ల మీద బోర్లించి, మొద్దు కింద 4 మిల్లీమీటర్ల మందాన అట్టముక్కలు పేర్చి ఆకులు అతికించాను. మొదటి చక్రానికి అట్టముక్కలు పెట్టడం మరిచాను. చదునుగా, ప్రాణం లేనట్టు వచ్చింది. దాన్ని పారేయలేదు, కిటికీలో పెట్టాను.

పెద్దోడేమో స్ప్రింగు నొక్కి, ఇది ఊగదేం అన్నాడు. పొడవు 12వ వంతైతే బరువు ఎన్నో వంతవుతుందో తెలుసా? 12ని 12తో, మళ్లీ 12తో గుణించండి: 1,728! 250 కిలోల బండి 145 గ్రాములకు దిగుతుంది. ఆ బరువుకి ఇనుప స్ప్రింగు ఎందుకు వంగుతుంది? నాకైతే ఆ లెక్క చూసినప్పుడల్లా ఆశ్చర్యమే, అసలు బండి మొత్తం అరచేతిలోకి వచ్చినట్టుంటుంది.

ఈసారి వచ్చినప్పుడు బల్లకి గడ్డం ఆనించి, బగ్గీ వెనక నుంచి ఒక కన్ను మూసి చూడండి. చక్రాన్ని మెల్లగా తిప్పండి. కిందికి వచ్చిన ఆకల్లా నిటారుగా నిలబడుతుంది, పైకి వెళ్లగానే వాలుతుంది. ముందు చక్రాలు చిన్నవిగా ఎందుకున్నాయో మాత్రం చెప్పను. నొగలు, అంటే గుర్రాన్ని కట్టే ముందు కర్రలు, పట్టుకుని బండిని బాగా మలుపు తిప్పండి, ముందు చక్రం ఎక్కడికి దూరుతుందో చూడండి.

మీ
తాతయ్య