పికప్ ఛాసిస్‌కు ప్లేట్ కొట్టించే ముందు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు మొన్న ఒక టిఫిన్ బండి వచ్చింది. పికప్ తొట్టి తీసేసి వంటగది కట్టించిన బండి, రోజూ తెల్లారుజామునే రోడ్డెక్కుతుంది. ఓనరు కుర్రాడు దిగుతూనే "అన్నా, 8 ఎంఎం ప్లేట్ కొట్టెయ్, ఇక జన్మలో చూడక్కర్లేదు" అన్నాడు. ఛాసిస్‌కు, అంటే బండి బరువంతా మోసే ఇనుప చట్రానికి, ఉక్కు ప్లేట్ వెల్డింగ్ చేయమని. ఈ మాట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి.

అపోహ: ప్లేట్ ఎంత మందమైతే ఛాసిస్ అంత గట్టి.

వాస్తవం: ప్లేట్ వేసిన చోట ఛాసిస్ విరగదు, దాని అంచున విరుగుతుంది. ప్లేట్ ఉన్నంత మేర వంగదు కాబట్టి ఆ ఒత్తిడంతా అంచు మీదికి వచ్చి పడుతుంది. అంచును నిలువుగా కోసి, పైనుంచి కిందిదాకా వెల్డింగ్ లాగితే చీలికకు మనమే గీత గీసిచ్చినట్టు.

ఈ బండికి ఇదివరకే ఎవరో ప్లేట్ కొట్టారు. అంచు దగ్గర కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్ద రాసి ఆగాం. కాసేపటికి చీలికలోకి దిగిన కిరసనాయిలు సుద్ద మీదికి ఊరి, పై ఫ్లాంజ్ (చట్రం కమ్మీకి అడ్డంగా ఉండే పై రెక్క) నుంచి కిందికి వేలెడంత తడి గీత తేలింది. కుర్రాడి మొహం పాలిపోయింది, బండి మీద ఇంకా వాయిదాలున్నాయట. టెన్షన్ పడకు, ఇది బాగయ్యేదే అన్నాను.

చీలిక చివర రంధ్రం వేసి, గాడి తీసి, వెల్డింగ్ నింపి, నున్నగా గ్రైండ్ చేశాం. పైన ఛాసిస్ మందమే ఉన్న ప్లేట్, రెండు చివరలూ ఏటవాలుగా కోసి, నిలువు ముఖానికే వేశాం. ఫ్లాంజ్‌ల జోలికి పోలేదు.

ఛాసిస్ పొడవునా ఉండే, ఒక పక్క తెరిచిన సి ఆకారపు కమ్మీని, అంటే సి-ఛానల్‌ను, మూసి పెట్టెలా చేయొచ్చుగా అంటారు. గుంతల్లో మెలి తిరగకుండా వందల రెట్లు గట్టిపడుతుంది, నిజమే. బరువుకు వంగకుండా మాత్రం అంత కాదు. 150 ఎంఎం ఎత్తు, 60 ఎంఎం ఫ్లాంజ్‌లు, 4 ఎంఎం మందం ఉన్న ఛానల్‌ను అదే మందం ప్లేట్‌తో మూస్తే పెరిగేది సుమారు 30 శాతం. అతనడిగిన 8 ఎంఎం ప్లేటు 150 ఎంఎం వెడల్పున, రెండున్నర మీటర్ల చొప్పున రెండు వైపులా వేస్తే 47 కిలోలు. అది రోజూ మోయాలి, డీజిలూ తాగుతుంది.

అపోహ: ఛాసిస్ గట్టిపడింది, ఇంకో అర టన్ను వేయొచ్చు.

కమాన్ కట్టలు, యాక్సిల్, బ్రేకులు, టైర్లు పాతవే కదా! ఆర్‌సీలో బరువూ మారదు. ఓవర్‌లోడ్‌కు చట్టంలో 20,000 జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000.

అపోహ: వెల్డింగ్‌కు బ్యాటరీ తీయక్కర్లేదు.

తీయాలి. వెల్డింగ్ కరెంటుకు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) కాలిపోతే ప్లేట్ ఖర్చు చిల్లరే అనిపిస్తుంది.

ఇంతకీ ఈ బండిలో చీలిక తెచ్చింది వెనక యాక్సిల్ దాటాక వేలాడదీసిన 200 లీటర్ల నీళ్ల ట్యాంకు. దాన్ని క్యాబిన్ వెనక్కి జరిపించాను. నెల తర్వాత వస్తే మళ్లీ సుద్ద రాశాం, ఈసారి గీత తేలలేదు. "8 ఎంఎం వేసుంటే ఇంకా ధైర్యంగా ఉండేది కదన్నా" అన్నాడు.