యాభై దాటాక వేగసాధన ఎన్నాళ్లకొకసారి?

వయసు పైబడేకొద్దీ పరుగులో ఓపిక కంటే ముందుగా వేగం తగ్గుతుంది. కండరాల్లో నిదానంగా చాలాసేపు పనిచేసే తంతువులూ, చురుగ్గా ముడుచుకుని త్వరగా అలసిపోయే తంతువులూ ఉంటాయి. వయసుతో ఎక్కువగా సన్నబడేది ఈ రెండో రకమే. నిదానపు పరుగు ఎంత దూరం సాగినా వీటికి పెద్దగా పని తగలదు కనుక, అనంతపురం పోలీసు శిక్షణ కళాశాల (పీటీసీ) మైదానంలో రోజూ ఒకే తీరున రౌండ్లు వేసే అరవై ఏళ్ల మనిషికి కూడా వేగసాధన, అంటే కాసేపు గట్టిగా పరుగెత్తడం, అవసరమే.

అయితే దానిని వారానికి ఇన్నిసార్లని లెక్కగట్టడం పొరపాటని, ఒళ్లు కోలుకునే తీరును బట్టి చూడాలని నా అభిప్రాయం. గట్టిగా పరుగెత్తిన తరువాత కండరంలో కలిగే సూక్ష్మమైన దెబ్బలు మానడానికి పాతికేళ్ల వయసులో కంటే ఇప్పుడు ఎక్కువ రోజులు పడుతుంది. పిక్కను మడమకు కలిపే స్నాయువుకు రక్తప్రసారం తక్కువ కాబట్టి అది మరింత ఆలస్యంగా కోలుకుంటుంది. ఊపిరి మర్నాటికే కుదుటపడుతుంది, ఆ ధైర్యంతోనే చాలామంది మళ్లీ వేగం అందుకుని మడమ నొప్పి తెచ్చుకుంటారు. యాభై దాటినవారికి ఏడు నుంచి పది రోజులకొకసారి చాలు. ఏళ్ల తరబడి అలవాటున్నవారు వారానికి రెండుసార్లు చేసినా, నడుమ కనీసం మూడు రోజుల ఎడం ఉండాలి. ఉదయం మెట్లు దిగేటప్పుడు పిక్కలు ఇంకా పట్టేసినట్టుంటే, ఆ రోజు వేగం జోలికి పోకూడదు.

కెనడాకు చెందిన ఎడ్ విట్‌లాక్ 2004లో, 73 ఏళ్ల వయసులో, టొరంటో వాటర్‌ఫ్రంట్ మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో ముగించారు. ఆయన సాధనలో అధిక భాగం శ్మశానవాటిక దారుల్లో గంటల తరబడి సాగిన నిదానపు పరుగే. తరచుగా పాల్గొన్న పందేలే ఆయనకు వేగసాధన.

కొత్తగా మొదలుపెట్టేవారు పావుగంట మెల్లగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కాక, ఇరవై సెకన్ల చొప్పున ఐదారుసార్లు వేగం పెంచి, మధ్యలో ఊపిరి నిలకడకు వచ్చేదాకా నడవవచ్చు. కొద్దిపాటి ఎత్తున్న మిట్టదారి దొరికితే మరీ మంచిది, ఎందుకంటే ఎదురెక్కేటప్పుడు కాలు నేలను తాకే తాకిడి తగ్గుతుంది. గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి.

ఏప్రిల్, మే నెలల్లో మన సీమ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వేడికి రక్తం చర్మం వైపు మళ్లడంతో అదే వేగానికి గుండె మరింత శ్రమపడుతుంది, పైగా వయసుతో దాహం తెలియడమూ మందగిస్తుంది. ఆ రెండు నెలలూ సూర్యోదయానికి ముందే ముగించి, వేగాన్ని గడియారంతో కాక ఊపిరితో కొలుచుకోవాలి. రాత్రి కూడా చల్లబడని రోజుల్లో ఆ వంతు వేగసాధనను మానుకున్నా నష్టం లేదు.