బికినీ కొబ్బరిని ఎందుకు తినొద్దన్నారు?

1946 జులైలో పసిఫిక్‌లోని బికినీ పగడపు దీవుల దగ్గర అమెరికా రెండు అణుబాంబులు పేల్చింది. ఒకటి గాల్లో, ఇంకొకటి నీళ్ల అడుగున. అంతకు ముందు, ఆ ఏడాది మార్చిలోనే అక్కడి 167 మందిని ఓడెక్కించి వేరే దీవికి పంపేశారు. పరీక్షలు అయిపోతే ఇంటికి వచ్చేస్తామని వాళ్లు నమ్మారు.

పేలుళ్ల తర్వాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రవేత్త లారెన్ డొనాల్డ్‌సన్ బృందం చేపలు, నాచు, పగడాలు ఏరుకెళ్లింది. అప్పట్లో సర్జన్‌ఫిష్ అనే రకం చేపనొకదాన్ని నిలువునా కోసి, ఆరబెట్టి, ఫొటో ప్లేటు మీద పెట్టారు. ఎక్స్‌రే మెషిన్ ఏదీ లేకుండానే దాని బొమ్మ పడింది. తిన్న నాచు ఉన్న పొట్ట భాగం తెల్లగా వెలిగిపోతోంది, పొలుసులు కూడా కనిపిస్తున్నాయి. తిండితో పాటే రేడియోధార్మికత ఒంట్లోకి ఎక్కుతోందని చెప్పడానికి ఆ ఒక్క చేప చాలు.

1954 మార్చి 1న బికినీలోనే పేల్చిన 15 మెగాటన్ల బ్రావో బాంబు బూడిద తూర్పున ఉన్న రొంగెలాప్ దీవిలో మనుషుల మీదే రాలింది. ఆ తర్వాత నేలనీ, చెట్లనీ, కొబ్బరి పీతల్నీ ఇంకా లోతుగా పరీక్షించారు. ఈ పీత గుల్ల విడిచాక దాన్నే తినేస్తుంది. పేలుడులో పుట్టి, ఒంట్లో కాల్షియంలా ప్రవర్తించే స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం అలా బయటికి పోకుండా మళ్లీ దాని ఒంట్లోకే చేరుతుంది.

అసలు చిక్కు సీజియం-137 అనే మరో రేడియోధార్మిక పదార్థంతో వచ్చింది. పగడపు నేలలో పొటాషియం చాలా తక్కువ, అందుకే కొబ్బరి చెట్టు దాని బదులు సీజియాన్ని లాగేసుకుంటుంది. అయినా 1968లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ బికినీ వాళ్లు ఇంటికి వెళ్లొచ్చని ప్రకటించారు. 1970ల మొదట్లో కొన్ని కుటుంబాలు వెళ్లాయి, అక్కడి కొబ్బరి తిన్నాయి, బొండాలు తాగాయి. ఒంట్లో సీజియం బాగా పెరిగిందని తేలడంతో 1978లో వాళ్లను మళ్లీ ఖాళీ చేయించారు. చేప పొట్టలో ఏముందో 1946లోనే బొమ్మ తీసి చూశారు కదా, పిల్లలు తాగే బొండంలో ఏముందో నిక్కచ్చిగా తేల్చాకే ఊరికి పంపాల్సింది. అది క్షమించరాని తొందరపాటు.

పొటాషియం ఎరువు వేస్తే కొబ్బరిలో సీజియం బాగా తగ్గుతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. కానీ బికినీ ప్రజల్లో చాలామంది 1948లో తమను దింపిన కిలీ దీవిలోనే ఉండిపోయారు. పగడపు దిబ్బల మధ్య అలలు లేని మడుగు కిలీకి లేదు. అలలు పెద్దవైతే పడవ ఒడ్డుకు రావడమే కష్టం.