తడి చీర, సీలింగ్ ఫ్యాన్, రాడార్: వైర్‌లెస్ మీద అపోహలు - వాస్తవాలు

మా అపార్ట్‌మెంట్ మీటింగుల్లో లిఫ్టు మరమ్మతు, బోరు మోటారు అయిపోయాక మూడో గొడవ ఎప్పుడూ పక్క మేడ మీది సెల్ టవర్ గురించే. నేను ఆర్ఎఫ్, అంటే రేడియో తరంగాల ఇంజినీర్నని అందరికీ తెలుసు కాబట్టి ఆ మాట రాగానే తలలన్నీ నావైపు తిరుగుతాయి. ఉద్యోగం మొదట్లో గోదావరి జిల్లాల్లో డ్రైవ్ టెస్ట్ చేసేవాణ్ణి. కారు వెనక సీట్లో ల్యాప్‌టాప్, నాలుగు ఫోన్లు పెట్టుకుని రోజంతా ఊళ్ల వెంట తిరుగుతూ సిగ్నల్ కొలవడమే ఆ పని. ఇప్పుడు హైదరాబాద్‌లో మిల్లీమీటర్ తరంగాలతో పనిచేసే రాడార్ సెన్సర్ల మీద ఉన్నాను. ఇన్నేళ్లలో నేను గమనించిందేమిటంటే, టవర్‌ని చూసి హడలిపోయే మనిషి తన హాల్లో ఉన్న వైఫై రౌటర్ ఏమేం పసిగట్టగలదో ఎన్నడూ అడగడు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: టవర్ కింద ఇల్లుంటే రేడియేషన్ అంతా మన నెత్తిమీదే.

దీపం కింద చీకటి అంటారే, అది టవర్‌కి అచ్చంగా సరిపోతుంది. టవర్ మీద నిలువుగా కనిపించే పొడవాటి పెట్టెలే యాంటెన్నాలు. అవి బల్బులా అన్ని వైపులకీ వెదజల్లవు, టార్చిలైటులా ముందుకు కొడతాయి. ఆ టార్చిని మేం కొన్ని డిగ్రీలు కిందికి వంచుతాం. వంపు ఆరు డిగ్రీలు, ఎత్తు 30 మీటర్లు అనుకుంటే, ఆ పుంజం నడిమధ్య భాగం నేలను తాకేది దాదాపు 285 మీటర్ల అవతల. సరిగ్గా కిందున్న ఇంటికి అందేది అరకొరే. యాంటెన్నాకి ఎదురుగా, అదే ఎత్తులో, దగ్గర్లో ఉన్న ఫ్లాట్ సంగతి మాత్రం వేరు. అక్కడ నోటి మాట చాలదు, కొలవాల్సిందే. టెలికాం శాఖ 2017లో పెట్టిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో ఫీజు కట్టి కొలతకు అడగొచ్చు. మా మీటింగులో ఈ మాట నాలుగుసార్లు చెప్పాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఒక లెక్క చూడండి. ఒక బ్యాండులో 40 వాట్లు పంపుతున్నాం, యాంటెన్నా దాన్ని ఒకవైపే కూడదీసి 50 రెట్లు చేసింది అనుకుందాం. పుంజానికి సరిగ్గా ఎదురుగా 100 మీటర్ల దూరంలో చదరపు మీటరుకి 0.016 వాట్లు పడుతుంది. ఐసీఎన్ఐఆర్పీ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన పరిమితిని మన దేశం 2012 సెప్టెంబరులో పదో వంతుకు కోసేసింది. 1800 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ పదో వంతు అంటే చదరపు మీటరుకి 0.9 వాట్లు. ఒకే టవర్ మీద ఇలాంటివి ఎనిమిది పెట్టినా ఆ గీతకి చాలా కిందే ఉంటాం.

ఇక చెవికి ఆనించుకునే ఫోన్. 4జీ ఫోన్ మామూలుగా పంపగలిగే గరిష్ఠం 200 మిల్లీవాట్లు. టవర్ దగ్గరుంటే అందులో చిన్న ముక్క వాడుకుని సరిపెట్టుకుంటుంది, దూరమైతే గొంతు చించుకుని అరుస్తుంది. నేను డ్రైవ్ టెస్ట్‌కి వెళ్లిన ఒక ఊళ్లో జనం ధర్నా చేసి టవర్ తీయించారు. నెల తిరక్కుండానే ఫోన్లు వేడెక్కుతున్నాయని, చార్జింగ్ పూట కూడా నిలవట్లేదని ఫిర్యాదు పెట్టింది ఆ ఊరివాళ్లే. ఫోన్ వెనక అంటించే యాంటీ రేడియేషన్ స్టిక్కర్లదీ ఇదే కథ. అది నిజంగా సిగ్నల్‌ని అడ్డుకుంటే ఫోన్ ఇంకా గట్టిగా అరుస్తుంది, అడ్డుకోకపోతే మీ డబ్బులు దండగ.

క్యాన్సర్ మాటకొస్తే, 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను 2బీ అనే వర్గంలో పెట్టింది. రుజువులు పరిమితమే, అయినా కావచ్చేమో అనే కోవ అది. చైనా, జపాన్ తరహాలో ఊరవేసిన కూరగాయలు కూడా అందులోనే ఉన్నాయి. ఆవకాయ జాడీ వైపు అనుమానంగా చూడకండి, అది వేరే పద్ధతి. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగి చేయించిన సమీక్ష 2024లో వచ్చింది. ఏళ్ల తరబడి జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనిపించలేదని తేల్చింది.

అపోహ: ఫోన్‌లో సిగ్నల్ పాయింట్లు నిండుగా ఉంటే నెట్ బాగా రావాలి.

2015 గోదావరి పుష్కరాలప్పుడు రాజమండ్రి ఘాట్ల దగ్గర నా నాలుగు ఫోన్లలోనూ పాయింట్లు నిండుగా ఉండేవి. ఒక్క ఫొటో వెళ్లడానికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది. పాయింట్లు చెప్పేది టవర్ గొంతు ఎంత గట్టిగా వినిపిస్తోందన్నదే. ఆ టవర్ దగ్గర మీ ముందు ఎంతమంది క్యూలో ఉన్నారో, చుట్టుపక్కల ఎంత రొదగా ఉందో అవి చెప్పవు. పైగా ఎంత సిగ్నల్‌కి ఎన్ని పాయింట్లు చూపాలన్నది ఫోన్ తయారు చేసినవాడి ఇష్టం. పక్కవాడి ఫోన్‌లో నాలుగున్నాయని కుళ్లుకోనక్కర్లేదు.

అపోహ: రౌటర్ యాంటెన్నాని బెడ్‌రూమ్ వైపు గురిపెట్టాలి.

ఈ పొరపాటు చదువుకున్నవాళ్లే ఎక్కువ చేస్తారు. ఆ పుల్లని తుపాకీ గొట్టం అనుకుంటారు. గారె చిల్లులోంచి ఒక పుల్ల గుచ్చినట్టు ఊహించుకోండి. పుల్ల యాంటెన్నా, గారె దాని చుట్టూ పరుచుకునే సిగ్నల్. పుల్ల మొన ఎటు చూపిస్తుందో అటువైపే అన్నిటికన్నా తక్కువ. ఒకే అంతస్తు ఇల్లయితే పుల్లల్ని నిలువుగా నిలబెట్టండి. రౌటర్ పక్కన ఇనుప బీరువా, చేపల తొట్టి లేకుండా చూసుకోండి, అంతే.

అపోహ: మణికట్టుకి బ్యాండ్ కట్టుకుంటే మనసులో అనుకున్నది టైపైపోతుంది.

మెటా కంపెనీ పరిశోధకులు 2025 జులైలో నేచర్ పత్రికలో ఒక పేపర్ వేశారు. వేళ్లు కదపడానికి కండరాల్లో పుట్టే సన్నటి విద్యుత్ సంకేతాన్ని మణికట్టు దగ్గర చర్మం మీదే పట్టుకుని, చేత్తో రాస్తున్నట్టు కదిపితే అక్షరాలు గుర్తించే పట్టీ అది. నిమిషానికి సగటున 20.9 పదాలు. గొప్ప పనే. కానీ అది చదివింది కండరాన్ని, మనసుని కాదు. చెయ్యి కదపాలని మీరు నిజంగా పూనుకుంటేనే అక్కడ సంకేతం పుడుతుంది. ఇంకో మాట, ఆ రాత ఇంగ్లిష్ అక్షరాలది. ‘లక్ష్మి’లో క కింద ష, దాని కింద మ, పైన గుడి, ఇవన్నీ మణికట్టులోంచి లాగాలంటే మనవాళ్లెవరో పూనుకోవాలి.

మెదడులోంచే మాటలు పట్టుకున్న ప్రయోగాలూ ఉన్నాయి. 2024లో అమెరికాలోని డేవిస్‌లో ఉన్న కాలిఫోర్నియా యూనివర్సిటీ వైద్యులు, ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుతో మాట పడిపోయిన ఒకాయన మెదడులో 256 ఎలక్ట్రోడ్లు అమర్చి, ఆయన మాట్లాడబోయిన మాటల్ని 97 శాతం దాకా సరిగ్గా రాబట్టారు. దానికి పుర్రె తెరవాల్సి వచ్చింది. అంత దగ్గరికి వెళితేనే దొరికే సంకేతాన్ని వీధి చివర టవర్ లాగేసుకుంటుందా? వాట్సాప్‌లో అలా రాసేవాళ్లకి నా దగ్గర వేరే జవాబు లేదు.

అపోహ: గాల్లో ఉన్న వైఫై కరెంటుతో ఫోన్ చార్జ్ చేసుకునే రోజులు వచ్చేశాయి.

2017లో వాషింగ్టన్ యూనివర్సిటీ బృందం బ్యాటరీ లేని ఫోన్ చేసి చూపించింది నిజమే. అది వాడుకున్నది 3.5 మైక్రోవాట్లు, మైక్రోవాటంటే వాటులో పది లక్షలో వంతు. దానికోసం పెట్టిన బేస్ స్టేషన్‌కి ముప్పై, యాభై అడుగుల లోపే పని చేసింది. మీ జేబులోని 5000 ఎంఏహెచ్ బ్యాటరీని గాల్లోంచి పది మైక్రోవాట్ల చొప్పున నింపాలంటే రెండు వందల ఏళ్లకు పైనే పడుతుంది.

అపోహ: కెమెరా లేదు, మైకు లేదు, ఇక మనల్ని ఎవరు చూస్తారు?

అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. రౌటర్ నుంచి ఫోన్‌కి వెళ్లే తరంగం తిన్నగా వెళ్లదు. గోడకి, బీరువాకి, మనకి తగిలి పది దారుల్లో చేరుతుంది. ఆ దారులన్నీ కలిసి సిగ్నల్‌ని ఎలా మార్చాయో రెండు వైపులా చిప్పులు క్షణక్షణం కొలుచుకుంటూ ఉంటాయి. లేకపోతే డేటా సరిగా విప్పలేవు. తరంగం లెక్కలో మనిషంటే నడిచే నీళ్ల బస్తా. బస్తా కదిలితే కొలత కదులుతుంది. అంటే మనం గదిలో తిరుగుతున్న జాడ ఆ కొలతల్లో ముందునుంచీ ఉంది, ఎవరూ పట్టించుకోలేదంతే.

2013లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో దీనా కటాబి, ఫదెల్ అదీబ్ గోడ అవతల మనిషి కదలికని వైఫై తరంగాలతో పట్టుకున్నారు. 2022 చివర్లో అక్కడి కార్నెగీ మెలన్ యూనివర్సిటీ బృందం మామూలు రౌటర్ల మూడేసి యాంటెన్నాలతో మనుషుల ఒంటి భంగిమలు గీసి చూపించింది. ఇక నాకు చెమటలు పట్టించింది 2025లో జర్మనీలోని కార్ల్‌స్రూహె సంస్థ వాళ్ల పని. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు రౌటర్‌కి ‘నీ సిగ్నల్ నాకిలా అందుతోంది’ అని తిరిగి పంపే సమాచారం గాల్లో తాళం లేకుండా పోతుంది. పక్కన కూర్చుని దాన్ని వింటే చాలు. 197 మందితో చేసిన ప్రయోగంలో నడిచింది ఎవరో దాదాపు నూటికి నూరు శాతం చెప్పగలిగారు. ఫోన్ మీ దగ్గర ఉండక్కర్లేదు, గదిలో వేరేవాళ్ల పరికరాలు ఉంటే సరిపోతుంది.

ఇదే పనికి 2025లో 802.11బీఎఫ్ పేరుతో వైఫై ప్రమాణం కూడా వచ్చేసింది. 6జీ ఎలా ఉండాలో 2023లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ రాసుకున్న చట్రంలో, కబురు మోయడంతో పాటు చుట్టూ ఏముందో పసిగట్టడం కూడా ఒక ప్రధాన ఉపయోగంగా ఉంది. మా అపార్ట్‌మెంట్ మీటింగులో టవర్ గురించి అడగాల్సిన ప్రశ్న ఏదైనా ఉంటే, అది ఏమేం పసిగట్టగలదన్నదే.

అలాగని వైఫై గోడల్ని అద్దాలుగా మార్చేస్తుందని యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు పెట్టేవాళ్ల మాటా నమ్మొద్దు. కార్నెగీ మెలన్ వాళ్లే ఒప్పుకున్నారు, నేర్పిన గదిలో బాగా గీసిన కంప్యూటర్ కొత్త గదికి వెళ్లేసరికి తడబడింది. సోఫా జరిపితే మళ్లీ మొదటికొచ్చే వ్యవహారం ఇది.

నేను చేసే రాడార్‌కి ఆ తిప్పలు కొంత తక్కువ, వేరే తిప్పలు ఎక్కువ. 60 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 5 మిల్లీమీటర్లు. 1890ల్లోనే కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ ఇంత చిన్న తరంగాలు పుట్టించారు. మీ ఛాతీ ఊపిరికి ఒక్క మిల్లీమీటరు ముందుకొచ్చిందనుకోండి. తరంగం వెళ్లి రావాల్సిన దారి 2 మిల్లీమీటర్లు తగ్గుతుంది, అంటే తరంగం పొడవులో ఐదింట రెండు వంతులు. ఒక పూర్తి తరంగాన్ని 360 డిగ్రీల చుట్టు అనుకుంటే 144 డిగ్రీలు తిరిగినట్టు. తెరమీద అది కొండలా కనిపిస్తుంది. 2019లో గూగుల్ ఇలాంటి రాడార్‌నే పిక్సెల్ 4 ఫోన్‌లో పెట్టి, చెయ్యి ఊపితే పాట మారేలా చేసింది. తర్వాతి ఫోన్‌లోనే తీసేసింది. గాల్లో చేతులూపడం ఎవరికీ అవసరం పడలేదని నా అనుమానం. అదే రాడార్ 2021లో మంచం పక్కన పెట్టుకునే పరికరంలో నిద్రని కొలవడానికి మళ్లీ వచ్చింది. మనిషి ఏమీ చెయ్యక్కర్లేని చోటే అది నిలబడింది.

మా పిన్ని కాకినాడలో ఒక్కతే ఉంటుంది. తుంటి ఆపరేషన్ అయ్యాక బాత్రూంలో పడితే ఎలా అని అందరికీ టెన్షన్. కెమెరా మాట ఎత్తితే “బాత్రూంలో కెమెరా ఏంట్రా, సిగ్గు లేదూ?” అంది. రాడార్ డబ్బా బాత్రూంలో ఒకటి, పడకగదిలో ఒకటి బిగించాను. “అది నన్ను చూడదు కదరా?” అని మూడుసార్లు అడిగింది. బొమ్మ రాదు పిన్నీ, చుక్కలే అని చూపించాను.

మొదటి వారం పడకగది డబ్బాని సీలింగ్ ఫ్యాన్ ఏడిపించింది. రెక్కల ఊపులో ఊపిరి కలిసిపోయి, నిద్రపోతున్న మనిషి నిమిషానికి అరవైసార్లు రొప్పుతున్నట్టు చూపించేది. ఫ్యాన్ ఉన్న ఎత్తుని లెక్కలోంచి తీసేశాక దారికొచ్చింది. రెండో వారం రాత్రి పదింటికి ‘పడిపోయారు’ అని మెసేజ్. ఫోన్ చేస్తే ఎత్తదు. పక్కింటావిడ పరిగెత్తుకెళ్లి చూస్తే పిన్ని హాల్లో టీవీ ముందుంది. దండెం మీది తడి చీర జారి కింద పడింది. నీళ్లు నిండిన బట్ట మనిషంత బాగానే తరంగాన్ని తిప్పికొడుతుంది, ఎత్తు నుంచి నేలకి రావడమూ మనిషి పడ్డట్టే ఉంటుంది.

ఒకరోజు ఉదయం ఫోన్‌లో మాటల మధ్య “రాత్రి మూడింటికి లేచి కూర్చున్నావేంటి పిన్నీ, నిద్ర పట్టలేదా?” అన్నాను. అవతల కాసేపు మాట లేదు.

“పడితే చెప్పే డబ్బా అన్నావు కదరా?”

నేను చూస్తున్నది లాగ్. రాత్రి ఎన్నిసార్లు లేచింది, ఎంతసేపు కూర్చుంది, ఊపిరి ఎప్పుడు భారమైంది, అన్నీ తేదీలవారీగా నా ల్యాప్‌టాప్‌కి చేరుతున్నాయి. ఆవిడకి చెప్పాలని నాకు తట్టనే లేదు. ఆ పూటే పడకగది డబ్బా ఊడదీయించాను, బాత్రూం డబ్బాలో లాగ్ ఆపేశాను. ఇప్పుడు పడితేనే మెసేజ్ వస్తుంది. ఇంతవరకూ రెండుసార్లు వచ్చింది. రెండూ తడి చీరలే.