కరెంటు సంగతి సరే, మరి వేడి సంగతి?

క్లీన్ ఎనర్జీ అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేవి సోలార్ ప్యానెల్స్, గాలిమరలు, ఎలక్ట్రిక్ కార్లు. అక్కడ జరిగింది కూడా చిన్న విషయమేం కాదు, 2010 నుంచి 2020 లోపు సోలార్ ప్యానెల్ ధర దాదాపు 90 శాతం పడిపోయింది, లిథియం బ్యాటరీలదీ అదే దారి. కానీ ఒక లెక్క మాత్రం చాలామంది పట్టించుకోరు. ప్రపంచంలో జనం, ఫ్యాక్టరీలు చివరికి వాడుకునే మొత్తం ఎనర్జీలో కరెంటు వాటా సుమారు ఐదో వంతే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం బొగ్గు, ఆయిల్, గ్యాస్ నేరుగా కాల్చేసేదే. అంటే రేపు పొద్దున్నే ప్రపంచంలో ప్రతి కరెంటు ప్లాంటూ క్లీన్ అయిపోయినా మన పని సగం కూడా అవదన్నమాట.

ఫ్యాక్టరీల సంగతే చూడండి, అవి వాడే ఎనర్జీలో మూడింట రెండు వంతులు వేడి కోసమే పోతుంది. ఆవిరి పుట్టించాలి, గాజు కరిగించాలి, సున్నపురాయి కాల్చాలి, ఖనిజంలోంచి ఇనుము తీయాలి. వీటి గురించి న్యూస్ తక్కువ వస్తుంది గానీ, నా ఉద్దేశంలో రాబోయే ఇరవై ముప్పై ఏళ్ళలో అసలు పోరాటం ఇక్కడే జరగబోతోంది, అందుకే ఈ వ్యాసంలో సోలార్ గురించి ఎక్కువ మాట్లాడను. ఒక్క మాట చెప్పి వదిలేస్తా: పెరోవ్‌స్కైట్ అనే పదార్థంతో 2009లో చేసిన మొదటి సోలార్ సెల్ ఎండలో 3.8 శాతాన్నే కరెంటుగా మార్చగలిగింది, ఇప్పుడు అదే పదార్థాన్ని సిలికాన్ మీద పొరలా వేసిన సెల్స్ ల్యాబుల్లో 34 శాతం దాటేశాయి. మామూలు ప్యానెల్స్‌లోలాగా సిలికాన్ ఒక్కటే వాడితే పరిమితి 29 శాతం చిల్లర. ఎండకీ తేమకీ పాతికేళ్ళు తట్టుకుని నిలబడతాయా అన్నదే దాని ముందున్న ప్రశ్న.

సరే, వేడి దగ్గరికొద్దాం. మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు సోలార్ కరెంటు ఎంత ఎక్కువైపోతుందంటే కొన్నిచోట్ల కొనేవాళ్ళు లేక ప్యానెల్స్ ఆపేస్తున్నారు. ఫ్యాక్టరీకేమో రాత్రీపగలూ ఆగకుండా వేడి కావాలి. ఈ రెండిటినీ కలిపే ఐడియా వింటే ఇంత సింపులా అనిపిస్తుంది: కరెంటు చవగ్గా ఉన్న గంటల్లో ఇటుకల్నో ఇసుకనో బాగా వేడెక్కించి, చుట్టూ మందంగా ఇన్సులేషన్ వేసి ఉంచుకుని, కావాల్సినప్పుడు దాంట్లోంచి గాలి ఊది వేడి తీసుకోవడం. ఫిన్లాండ్‌లో పోలార్ నైట్ ఎనర్జీ అనే కంపెనీ 2022లో కాంకాన్‌పా ఊళ్ళో 100 టన్నుల ఇసుకతో ఇలాంటిది పెట్టింది, 8 మెగావాట్ అవర్ల (అంటే 8 వేల యూనిట్ల) వేడి దాస్తుంది. 2025లో పోర్నైనెన్‌లో పెట్టింది ఇంకా పెద్దది, 2000 టన్నుల సోప్‌స్టోన్ అనే మెత్తటి రాయి పొడి, 100 మెగావాట్ అవర్లు. ఆ పొడి ఎక్కడిదీ అంటే చలిమంటల పొయ్యిలు తయారుచేసే కంపెనీలో మిగిలిపోయిన వ్యర్థం. అమెరికాలో రోండో అనే కంపెనీ ఇటుకల్ని వెయ్యి డిగ్రీలు దాటించి వేడి చేస్తోంది, యాంటోరా అనేది కార్బన్ దిమ్మెలు వాడుతోంది. వీటిలో లిథియం లేదు, కోబాల్ట్ లేదు, అరుదైన లోహం ఏదీ లేదు. పెట్టిన కరెంటులో సుమారు 90 శాతం వేడిగా తిరిగొస్తుంది. మళ్ళీ కరెంటుగా మార్చాలంటే సగానికి పైగా పోతుంది, అది నిజం, కానీ ఫ్యాక్టరీకి కావాల్సింది వేడే కదా, కరెంటు దాకా మళ్ళీ వెళ్ళడం ఎందుకు. కొత్త టెక్నాలజీలన్నిట్లో తక్కువ పేరూ ఎక్కువ పనీ ఉన్నది ఇదేనని నాకు గట్టి నమ్మకం.

ఉక్కు దగ్గరికొచ్చేసరికి సమస్య వేడి ఒక్కటే కాదు. ఇనుప ఖనిజం అంటే ఇనుమూ ఆక్సిజనూ గట్టిగా పెనవేసుకున్న రాయి, ఆ ఆక్సిజన్ని లాగేయాలి. బ్లాస్ట్ ఫర్నేస్ అనే పెద్ద కొలిమిలో ఆ పని బొగ్గు నుంచి చేసిన కోక్ చేస్తుంది, అందులోని కార్బన్ ఆక్సిజన్ని పట్టుకుని కార్బన్ డయాక్సైడ్ అయి పోతుంది, ఒక టన్ను ఉక్కుకి సుమారు రెండు టన్నులు. అదే పని హైడ్రోజన్‌తో చేయిస్తే బయటికొచ్చేది నీటి ఆవిరి. స్వీడన్‌లో ఎస్ఎస్ఏబీ, ఎల్కేఏబీ, వాటెన్‌ఫాల్ అనే మూడు కంపెనీలు కలిసి హైబ్రిట్ పేరుతో లూలియోలో పైలట్ ప్లాంటు కట్టి 2021లో ఇలా తీసిన ఇనుముతో ఉక్కు చేసి వోల్వోకి ఇచ్చాయి. అంటే పని అవుతుందని తేలిపోయింది.

కానీ మెలికలు ఉన్నాయి, వాటిని దాచకూడదు. టన్ను ఉక్కుకి 50 కిలోలకి పైగా హైడ్రోజన్ కావాలి, నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకి పైనే కరెంటు, అంటే టన్నుకి మూడు వేల యూనిట్ల దాకా. ఇప్పుడు బొగ్గుతో చేసే ఉక్కంతా ఈ దారికి మార్చాలంటే ప్రపంచం మొత్తం తయారయ్యే కరెంటులో పదో వంతుకి పైనే దీనికే పోతుంది. ఇంకోటేంటంటే ఈ పద్ధతిలో ఇనుము కరగదు, గట్టిగా ఉండగానే ఆక్సిజన్ పోతుంది, కాబట్టి రాయిలోని మట్టీ మశానం విడిపోదు, అందుకని ఇనుము శాతం బాగా ఎక్కువున్న మేలురకం ఖనిజమే కావాలి, అది అన్ని గనుల్లో దొరకదు. ఎంఐటీ ప్రొఫెసర్ డొనాల్డ్ సాడోవే ఆలోచన నుంచి పుట్టిన బోస్టన్ మెటల్ అనే కంపెనీ ఇంకో దారి వెతుకుతోంది, ఖనిజాన్ని 1600 డిగ్రీల దగ్గర కరిగించి అందులోంచి నేరుగా కరెంటు పంపడం, అడుక్కి ఇనుము దిగుతుంది, పైకి ఆక్సిజన్ పోతుంది. ఇక్కడ నాసిరకం ఖనిజం కూడా పనికొస్తుంది. ఆ వేడికి కరిగిపోకుండా, ఆక్సిజన్‌కి తినుకుపోకుండా ఏళ్ళ తరబడి నిలిచే ఎలక్ట్రోడ్, అంటే కరెంటు పంపే కడ్డీ, చేయడమే కష్టం.

అందుకే హైడ్రోజన్ని కార్లలో, ఇళ్ళ హీటర్లలో వాడదాం అనేవాళ్ళతో నేను ఒప్పుకోలేను. ఆ పనులు బ్యాటరీ, హీట్ పంప్ ఇంతకంటే చాలా తక్కువ కరెంటుతో చేసేస్తాయి, హీట్ పంప్ అయితే వేడిని పుట్టించకుండా బయటి గాల్లోంచి లోపలికి తోడుతుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల వేడి కూడా ఇస్తుంది. హైడ్రోజన్ ఇంకో దారి లేని చోటికి దాచుకోవాల్సిన సరుకు, ఉక్కుకి, ఎరువుల కోసం చేసే అమ్మోనియాకి.

సిమెంట్ వీటన్నిటికంటే మొండిది. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్‌లో 7 - 8 శాతం దీన్నుంచే. బట్టీని 1450 డిగ్రీలకి కరెంటుతో వేడి చేసినా సమస్య పోదు, ఎందుకంటే కార్బన్ సిమెంట్‌కి వాడే సున్నపురాయిలోనే ఉంది. టన్ను సున్నపురాయి పూర్తిగా కాలి సున్నం అయితే 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికి రావాల్సిందే, అది కెమిస్ట్రీ, దానితో బేరాలు కుదరవు. కాబట్టి మిగిలినవి మూడు దారులు. మొదటిది క్లింకర్ తగ్గించడం, అంటే సున్నపురాయిని బట్టీలో కాల్చి తీసే, సిమెంట్‌లో ముఖ్యమైన గడ్డల పదార్థాన్ని. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ యూనివర్సిటీలో కారెన్ స్క్రివెనర్ అనే శాస్త్రవేత్త క్యూబా, భారత్ శాస్త్రవేత్తలతో కలిసి తయారుచేసిన ఎల్‌సీ3 సిమెంట్‌లో క్లింకర్ సగమే ఉంటుంది, మిగతాది కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాయి పొడి, కాస్త జిప్సం. మట్టిని 800 డిగ్రీల చుట్టుపక్కల కాలిస్తే చాలు, అందులోంచి కార్బన్ రాదు, మొత్తమ్మీద 40 శాతం దాకా తగ్గుతుంది, పైగా ఉన్న ఫ్యాక్టరీల్లోనే చేసుకోవచ్చు. రెండోది సిమెంట్‌కి కావాల్సిన కాల్షియాన్ని అసలు కార్బన్ లేని రాళ్ళ నుంచి తీయడం, బ్రిమ్‌స్టోన్, సబ్లైమ్ లాంటి కొత్త కంపెనీలు ఆ పనిలో ఉన్నాయి, ఇంకా చిన్న స్థాయే. మూడోది కార్బన్ డయాక్సైడ్‌ని పొగగొట్టం దగ్గరే పట్టేయడం. నార్వేలో బ్రెవిక్ సిమెంట్ ఫ్యాక్టరీలో 2025లో మొదలైంది, ఏడాదికి 4 లక్షల టన్నులు పట్టి, ఓడలో తీసుకెళ్ళి, ఉత్తర సముద్రం అడుగున రెండున్నర కిలోమీటర్ల లోతు రాతిపొరల్లోకి పంపే ఏర్పాటు.

కార్బన్ డయాక్సైడ్‌ని గాల్లోంచి నేరుగా పీల్చే మెషిన్ల గురించి కూడా అడుగుతారు కదా. గాల్లో ప్రతి పది వేల అణువుల్లో కార్బన్ డయాక్సైడ్ నాలుగే, సిమెంట్ పొగలో దాదాపు రెండు వేలు. ఎక్కడ పట్టడం తేలికో వేరే చెప్పక్కర్లేదు. ఐస్‌లాండ్‌లో క్లైమ్‌వర్క్స్ 2024లో మొదలుపెట్టిన మమ్మత్ ప్లాంట్ పూర్తి సామర్థ్యం ఏడాదికి 36 వేల టన్నులే, అంటే బ్రెవిక్‌లో పదో వంతు కూడా కాదు.

ఇన్ని ఉన్నా ఎందుకు ఆలస్యం అంటే, మొదటి ఫ్యాక్టరీ ఎప్పుడూ ఖరీదే, ఆ ఖరీదైన మొదటి సరుకు కొనడానికి ఎవరూ ముందుకి రారు. సిమెంట్‌కైతే ఇంకో చిక్కు, చాలా దేశాల రూల్స్‌లో ఏ పదార్థం ఎంత శాతం కలపాలో రాసిపెట్టి ఉంటుంది, కాబట్టి కొత్త మిశ్రమం ఎంత బలంగా ఉన్నా రూల్ ప్రకారం అది సిమెంటే కాదు. అమెరికాలో ఏఎస్‌టీఎం సీ1157 అనే ప్రమాణం మాత్రం ఏం కలిపారు అని అడగదు, ఎంత బలం ఉంది, ఎంతకాలం నిలుస్తుంది అని అడుగుతుంది. రోడ్లు, బ్రిడ్జిలు, డ్యాములు ఎక్కువగా కట్టించేది ప్రభుత్వాలే కాబట్టి వాళ్ళ టెండర్లలో ఇలాంటి ప్రమాణాన్ని ఒప్పుకుని, ఇన్నేళ్ళు ఇంత సరుకు కొంటాం అని ముందే రాసిస్తే, ఆ కాగితం చూపించి కొత్త కంపెనీలు బ్యాంకులో అప్పు తెచ్చుకుని ప్లాంటు కట్టుకోగలుగుతాయి.