నిలువు గీతే ఎందుకు?

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకు, చెన్నై పాత వాషర్మన్‌పేట నుంచి తాతయ్య ఆశీస్సులు.

ఒరే చిన్నా, "గీసిన గ్రాఫు ప్రమేయమో (ఫంక్షనో) కాదో తేల్చడానికి నిలువు గీతే ఎందుకు, అడ్డగీత గీస్తే ఏం?" అని ఫోనులో అడిగావు. మీ అమ్మేమో పక్కనుంచి "టీచరు చెప్పినట్టు చెయ్యరాదూ" అంది. చెయ్యి, కానీ అడగడం మానకు.

కంపెనీ కాలంలో నేతగుడ్డలు ఉతికి తెల్లబరిచినవాళ్ల పేట మాది. నా చిన్నప్పుడు వీధికంతా ఒక్క చాకలి తాతే. నల్లజీడి గింజకు సూది గుచ్చి, ఆ రసంతో బట్ట అంచు లోపల గుర్తు పెట్టేవాడు. మాకు మూడు చుక్కలు, కింద ఓ గీత. ఎన్ని ఉతుకులైనా పోయేది కాదు. ముట్టుకుంటే బొబ్బలెక్కుతాయని మమ్మల్ని అదిలించేవాడు. మేం వింటేగా!

సాయంత్రం మూట విప్పి, గుర్తు చూసి, ఏ ఇంటి బట్ట ఆ ఇంటి దొంతరలో వేసేవాడు. ప్రతి బట్టకూ ఒక ఇల్లు, ఒక్కటే ఇల్లు. ప్రమేయమంటే అంతేరా. బట్ట ఎక్స్, ఇల్లు వై. ఒకే ఇంటికి పాతిక బట్టలు చేరినా తప్పులేదు; వై = ఎక్స్ వర్గంలో 2కీ, −2కీ 4 రావడం అలాంటిదే. అడ్డగీత లెక్కపెట్టేది ఒక ఇంటి బట్టల్ని. నిలువు గీత ఒక్క బట్టను పట్టుకుని "నీది ఏ ఇల్లు?" అని నిలదీస్తుంది; అది గ్రాఫుకు రెండుచోట్ల తగిలితే ఒక బట్టకు రెండిళ్లన్నమాట, ప్రమేయం కాదు.

ఏ ఇంటికి ఏ గుర్తన్నదానికి తాత దగ్గర సూత్రమేదీ లేదు. ప్రమేయానికీ అది అక్కర్లేదు, ఒక్కో ఎక్స్‌కు ఒక్కో వై తేలితే చాలన్న నిర్వచనం 1837లో జర్మన్ గణితవేత్త డిరిక్లే ఇచ్చాడు.

వీధి చివర ఉండే మా మేనత్త ఓసారి వాళ్లింటి పంచె నాన్నకిచ్చింది. దానిమీద రెండిళ్ల గుర్తులూ పడ్డాయి. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి పాత గుర్తు మీద గీత కొట్టేశాడు.

బుజ్జీ, నువ్వు గీసిన వృత్తమూ ఆ రెండు గుర్తుల పంచెలాంటిదే. ఎక్స్ వర్గం, వై వర్గం కలిపితే 25 కదా, ఎక్స్ 3 దగ్గర స్కేలు నిలబెట్టు. 4 దగ్గరా తగులుతుంది, −4 దగ్గరా తగులుతుంది. అంచున 5 దగ్గర ఒక్కచోటే తగిలిందని మురిసిపోకు, ఒక్క బట్ట తేలకపోయినా ప్రమేయం కాదు. 7 దగ్గర దేనికీ తగలదు. ఆ బట్ట మూటలోనే లేదనుకో. కింది సగం చెరిపేస్తే మాత్రం పైసగం నిక్షేపంలాంటి ప్రమేయం.

ఇప్పుడు ఇద్దరూ ఎక్స్ = వై వర్గం గీసి, స్కేలును ఎడమ నుంచి మెల్లగా జరపండి. సున్నా దగ్గర ఏమవుతుందో, అది దాటగానే ఏమవుతుందో బొమ్మ వేసి నాకు పంపండి.

మీ తాతయ్య