పిస్టల్ గురి: కన్ను ఎక్కడ ఉండాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: టార్గెట్ ఎంత స్పష్టంగా కనిపిస్తే గురి అంత బాగా కుదురుతుంది.

కొత్తగా పిస్టల్ పట్టినవాళ్లు దాదాపు అందరూ ఇలాగే అనుకుంటారు, నేనూ చాలాకాలం అలాగే కాల్చాను. పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనబడలేదన్న అర్జునుడి కథ మనందరి బుర్రలో ఉంది కదా, కానీ ఆయన విల్లుకి ఫ్రంట్ సైట్ (గొట్టం చివర గురి చూసే చిన్న పొడుచు) లేదు! రియర్ సైట్ (పిస్టల్ వెనకవైపు ఉండే గాడి), ఫ్రంట్ సైట్, టార్గెట్ ఈ మూడూ మూడు వేరువేరు దూరాల్లో ఉంటాయి, కన్నేమో ఒకసారికి ఒక్క దూరాన్నే పదునుగా చూడగలదు. ఆ ఒక్కటీ ఫ్రంట్ సైట్ కావాలి. రియర్ సైట్ కొంచెం మసకబారుతుంది, టార్గెట్ నల్లటి మచ్చలా అలుక్కుపోతుంది, అలా ఉంటేనే మీరు సరిగ్గా చూస్తున్నట్టు.

ఎందుకో లెక్క చూడండి. సైట్ల మధ్య దూరం 33 సెం.మీ. అనుకుందాం. రియర్ సైట్ గాడిలో ఫ్రంట్ సైట్ 1 మి.మీ. పక్కకి జరిగితే 10 మీటర్ల దగ్గర దెబ్బ సుమారు 3 సెం.మీ. తప్పుతుంది. ఎయిర్ పిస్టల్ (గాలి ఒత్తిడితో కాల్చేది) టార్గెట్‌లో నడిమధ్య ఉండే, పది పాయింట్లు ఇచ్చే రింగు వ్యాసం 11.5 మి.మీ. మాత్రమే, అంటే ఆ షాట్‌కి ఏడు పాయింట్లే వచ్చినట్టు. అదే సైట్లు రెండూ సరిగ్గా కలిసి ఉండి, చేయి మొత్తంగా 2, 3 మి.మీ. పక్కకి ఊగినా పది పడుతుంది. అందుకే చేయి ఊగుతోందని టెన్షన్ పడకండి, ఎవరి చేయైనా ఊగుతుంది.

అపోహ: రెండో కన్ను గట్టిగా మూసుకోవాలి.

అలా మూస్తే ముఖమంతా బిగుసుకుని, గురిపెట్టే కన్ను కూడా అలసిపోతుంది. రెండూ తెరిచే ఉంచి, అవసరం లేని కంటి ముందు వెలుతురు వచ్చే మసక ప్లాస్టిక్ ముక్క పెట్టుకోండి. నల్లది వద్దు, ఆ కంటికి చీకటైతే రెండో కంటిపాప కూడా పెద్దదవుతుంది, సైట్లు ఇంకా మసకబారతాయి.

అపోహ: ఎక్కువసేపు చూస్తే గురి మెరుగవుతుంది.

ఇది నాకు బాగా చిరాకు తెప్పించే మాట. ఆరేడు సెకన్లు దాటాక కన్ను కొత్తగా ఏమీ పట్టుకోదు, ఇందాక చూసిన బొమ్మే ఇంకా కనిపిస్తున్నట్టు అనిపిస్తుంది, ఈలోగా సైట్లు జరిగిపోయి ఉంటాయి. పిస్టల్ దించేయండి, ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తండి. ఎయిర్ పిస్టల్ మ్యాచ్‌లో 60 షాట్లకి 75 నిమిషాలు ఇస్తారు, తొందరేమీ లేదు.

అపోహ: రోజూ పెట్టుకునే కళ్లద్దాలు చాలు.

కొందరికి చాలు. కానీ చేయి చాచినప్పుడు ఫ్రంట్ సైట్ కంటికి ఇంచుమించు మీటరు దూరంలో ఉంటుంది, దూరం చూడటానికి వాడే అద్దాల పవర్‌కి సాధారణంగా +0.50 నుంచి +0.75 కలిపితే అది పదునవుతుంది. నలభై దాటినవాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది. కళ్ల డాక్టర్‌కి ఆ దూరం కొలిచి చెప్పండి.

ఇక రెడ్ డాట్ (చిన్న అద్దంలో ఎర్ర చుక్క చూపించే సైట్) వాడేవాళ్లకి పైన చెప్పిన మొదటి సూత్రం తిరగబడుతుంది: చుక్కని కాదు, టార్గెట్‌నే చూడాలి, చుక్క దానంతటదే దాని మీద కనబడుతుంది.

మామూలు సైట్లయితే మాత్రం టార్గెట్ కాగితం తిప్పి తెల్లవైపు పెట్టి ఓ ఇరవై షాట్లు కాల్చండి. నల్లమచ్చ లేదు కాబట్టి కన్ను పరిగెత్తడానికి చోటు ఉండదు. ప్రతి షాట్ తర్వాత, ట్రిగ్గర్ పడిన క్షణంలో ఫ్రంట్ సైట్ గాడిలో ఎక్కడుందో చెప్పడానికి ప్రయత్నించండి. చెప్పలేకపోతే ఆ క్షణంలో మీ కన్ను దాని మీద లేదన్నమాట.